ఎలుక మాట ఎలుక వరకే

మేడమ్ పోయిన సంగతి నాకు హిందీలో తెలిసింది. ఉదయం ఎలుకల గదిలో నీళ్ల సీసాలు మారుస్తున్నాను. మా యానిమల్ హౌస్‌లో పనిచేసే భయ్యా గుమ్మం దగ్గరే నిలబడి, "దీదీ, బడీ మేడమ్ నహీ రహీ" అన్నాడు. నేను "అచ్ఛా" అన్నాను. ఆ మాట ఎలా వచ్చిందో తెలియదు. చేతిలో ఉన్న సీసా మూత బిగించి, పక్క సీసా అందుకున్నాను.

ఎవరికైనా చెప్పుకోవాలనిపించింది. కరీంనగర్‌లో ఉన్న అమ్మకు ఫోన్ చేశాను. "ఎవరే, ఆ ఎలుకల డాక్టరమ్మనా? అయ్యో పాపం" అంది. అమ్మ ఆవిడను ఏనాడూ చూడలేదు. ఆఫీసులో అందరూ ఇంగ్లీషులో విచారం తెలిపారు. వాట్సాప్ గ్రూపు నిండా జోడించిన చేతుల బొమ్మలు వచ్చాయి. ఢిల్లీలో నేను తెలుగులో మనసు విప్పి మాట్లాడుకునే మనిషి ఒక్కరే ఉండేవారు. ఆ మనిషే పోయారు.

ఆవిడ ప్లాస్టిక్ సర్జన్. ఆ మాట వినగానే ముక్కు దిద్దడం, ముడతలు తీయడం అనుకుంటారు. ఆవిడ దగ్గరికి వచ్చేవాళ్లు వేరు. స్టవ్ పేలి మెడ కాలినవాళ్లు, బస్సు చక్రం కింద పాదం నలిగినవాళ్లు, ఫ్యాక్టరీ మిషన్‌లో చెయ్యి పోగొట్టుకోబోయినవాళ్లు. నేను పశువుల డాక్టర్ని. ఆవిడ ప్రయోగాలు చేసే జంతువులకు మత్తు ఇవ్వడం, ఆపరేషన్ తర్వాత వాటిని చూసుకోవడం నా పని.

ఉద్యోగంలో చేరిన కొత్తలో దక్షిణ ఢిల్లీలోని మునిర్కాలో ఒక గది తీసుకున్నాను. కిటికీ తెరిస్తే ఎదురింటి గోడ చేతికి తగిలేది. ఆ రోజుల్లో నేను గొంతెత్తి తెలుగు మాట్లాడింది జంతువులతోనే. ఒకసారి మొండికేస్తున్న ఎలుకను పట్టుకుని, "ఆగవే తల్లీ, ఒక్క సూదే, ఐపోతది" అంటున్నాను. వెనక నుంచి ఎవరో నవ్వారు.

"యా ఊరమ్మా నీది?"

తిరిగి చూస్తే పచ్చని ఆపరేషన్ బట్టల్లో, తలకు టోపీతో, పొట్టిగా ఉన్న ఒక పెద్దావిడ. కరీంనగర్ అని చెప్పాను. తనది అనంతపురం అన్నారు. "ఎలకలకు తెలుగు నేర్పిస్తాండావా? మంచిదే. నాకు మాట్లాడనీకి తోడయితాయి" అన్నారు.

ఆవిడ పరిశోధన ఏమిటో చెప్పకపోతే ఆవిడ గురించి చెప్పినట్టు కాదు. ఒంటి మీద పెద్ద గాయమై కండ బయటపడితే, పక్కనున్న చర్మాన్ని మూడు వైపులా కోసి లేపి, నాలుగో వైపు ఒంటికి అతుక్కునే ఉండేలా వదిలి, తిప్పి గాయం మీద కప్పుతారు. దాన్ని ఫ్లాప్ అంటారు. దానికి కావలసిన నెత్తురంతా ఆ అతుక్కున్న వైపు నుంచే రావాలి. మొదలు దగ్గరున్న చర్మం బతుకుతుంది. కొసకు నెత్తురు చాలదు. అది నీలమై, నల్లబడి, చచ్చిపోతుంది. ఆ కొసను ఎలా బతికించాలన్నదే ఆవిడ జీవితమంతా అడిగిన ప్రశ్న. దానికోసం ఎలుక వీపు మీద పొడుగాటి చర్మపు పట్టీని అలాగే లేపి, మళ్లీ అక్కడే కుట్టి, రకరకాల మందులిచ్చి, ఏ మందుకు ఎంత చర్మం బతికిందో చూసేవారు.

కుట్లు వేశాక ఆవిడ వేలితో కొసను మెల్లగా నొక్కి వదిలేవారు. నొక్కినచోట తెల్లబడి, మళ్లీ ఎరుపు తిరగాలి. ఆ రంగు తిరిగేదాకా ఊపిరి బిగబట్టి చూసేవారు. వార్డులో మనుషుల దగ్గరా అంతే. "మొదట్లో అందరికీ అందుతాదమ్మా. కొసకు అందితేనే అందినట్ల" అనేవారు. చర్మం గురించే అనేవారో, ఇంకా దేని గురించో నేను ఎప్పుడూ అడగలేదు.

ఆపరేషన్ అయిన ఎలుకలను ఒక్కో పెట్టెలో ఒక్కొక్కటిగా ఉంచాలి. కలిపి ఉంచితే ఒకదాని కుట్లు ఒకటి కొరికేస్తాయి. ఎలుకకు ఒంటరితనం పడదు. మూలకు ముడుచుకుని, తిండి తగ్గిస్తుంది. మేడమ్ పెట్టెలన్నీ దగ్గర దగ్గరగా జరిపించేవారు. "విడిగా పెట్టక తప్పదు. ఒకదానికొకటి కనపడనీ, వాసనైనా తెలియనీ" అనేవారు. గూడు కట్టుకోవడానికి కాగితాలు తానే చింపి వేసేవారు.

ప్రయోగం ముగిశాక జంతువులకు చివరి సూది ఇవ్వాలి. అది నా పని. ఆ సమయానికి సర్జన్లు ఎవరూ ఉండరు. ఆవిడ మాత్రం ఓపీ మధ్యలో ఆపి అయినా వచ్చి నా పక్కన నిలబడేవారు. ఒకసారి, "మీరు రానవసరం లేదు మేడమ్, నేను చేస్త" అన్నాను. "మొదలుపెట్టింది నేను గదమ్మా. చివరి పని నీ మింద పడేసి పోతే ఎట్ల?" అన్నారు. అన్ని పనులూ అయ్యాక, చేతులు కడుక్కుని, మళ్లీ ఓపీకి వెళ్లిపోయేవారు.

కొన్నేళ్లకు ఒక మందు పనిచేసింది. రక్తనాళాలను విప్పార్చే మందు. అది ఇచ్చిన ఎలుకల్లో చర్మం కొస దాకా గులాబీ రంగులో నిలిచింది. విభాగమంతా సంబరపడింది. పెద్దాయన, అంటే విభాగాధిపతి, మిఠాయి తెప్పించారు. మేడమ్ ఒక ముక్క తుంచుకుని, "ఎలక మాట ఎలక వరకే" అన్నారు. ఎలుక చర్మం ఒంటి మీద వదులుగా జారుతుంటుంది. మన చర్మం కండను గట్టిగా పట్టుకుని ఉంటుంది. పంది చర్మం మనదానికి దగ్గర. పందుల్లో చూడనిదే ఈ మందు గురించి మాట్లాడకూడదని ఆవిడ పట్టు.

సరిగ్గా అప్పుడే వార్డులోకి ఒకామె వచ్చింది. నోయిడాలో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని. టెంపో పాదం మీదుగా వెళ్లిపోయింది. మేడమే ఫ్లాప్ వేశారు. మరునాటికి కొస నీలమైంది. కొత్త మందు సంగతి ఆమె భర్త చెవిన ఎవరో వేశారు. అతను వరండాలో మేడమ్ కాళ్ల మీద పడ్డాడు. "దవాయీ హై ఆప్‌కే పాస్, క్యోం నహీ దేతే?" అంటూ, మందు ఉంచుకుని ఎందుకివ్వరని ఏడ్చాడు. పెద్దాయన కూడా, ఇచ్చి చూడండి, పోయేదేముంది అన్నారు. మేడమ్ ఇవ్వలేదు. తనకు తెలిసిన పద్ధతులన్నీ చేశారు. కట్టు వదులు చేశారు, కొన్ని కుట్లు విప్పారు, కాలు ఎత్తి ఉంచారు, పూటపూటకూ వెళ్లి నొక్కి చూశారు. అయినా కొస నల్లబడింది. దాన్ని కోసి తీసేసి, తొడ చర్మంతో మళ్లీ కప్పాల్సి వచ్చింది. పాదం దక్కింది గానీ నడక కుంటిదైంది. భర్త ఇక మేడమ్ ముఖం చూడలేదు. గదిలోకి ఆవిడ వస్తే బయటికి వెళ్లిపోయేవాడు.

నేనూ ఉండబట్టలేక అడిగాను. "ఇస్తే ఏమైతుండె మేడమ్?"

"తెలీదు" అన్నారు. "తెలీదు కాబట్టే ఇయ్యలేదు."

తర్వాత పందుల పని మొదలైంది. హర్యానా వైపు ఒక ఫారంలో. గుడ్‌గావ్ దాటి వ్యాన్‌లో ఇద్దరమూ వెళ్లేవాళ్లం. మనుషుల ఎముకల దాకా కోసిన ఆ సర్జన్‌కు పందులంటే భయం. "కరుస్తాదా ఇది?" అని తలుపు దగ్గరే నిలబడేవారు. చెవి వెనక గోకితే పంది కళ్లు మూసుకుంటుందని చూపించాను. ఆ తర్వాత మత్తు దిగేదాకా బోర్లించిన బకెట్ మీద కూర్చుని, దాని చెవి గోకుతూ, అనంతపురం కబుర్లు చెప్పేవారు. నాకు చెబుతున్నారో, దానికి చెబుతున్నారో తెలిసేది కాదు.

పందుల్లో మందు పనిచేయలేదు. ఇచ్చినా, ఇవ్వకపోయినా కొస ఒకేలా చచ్చింది. కొన్నింటిలో చర్మం కింద నెత్తురు చేరి, మందు ఇవ్వనివాటికంటే ఎక్కువ చర్మం పోయింది. ఆ రోజు తిరుగు ప్రయాణంలో నేను, "మీరు ఆమెకు ఇయ్యకపోవుడే మంచిదైంది మేడమ్" అన్నాను. ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఆయమ్మ కాలు బాగయిందా మరి?" అన్నారు.

ఎలుకల ఫలితం వరకే ప్రకటిద్దామని పెద్దాయన సలహా ఇచ్చారు. మేడమ్ ఒప్పుకోలేదు. సర్జన్ల సదస్సులో అందరి ముందూ రెండూ చెప్పారు. మందు మీద తన ఆశ తప్పిందని స్పష్టంగా చెప్పి, స్లయిడ్ల మీద నల్లబడ్డ చర్మాలు ఒక్కొక్కటిగా చూపించారు. హాల్లో ఎవరూ ప్రశ్న అడగలేదు. ఒక ప్రశ్న వచ్చి ఉంటే బాగుండేదని తర్వాత అన్నారు. తిట్టినా బాగుండేదట. ఆ తర్వాత కొత్త విద్యార్థులు ఆవిడ దగ్గర చేరడం తగ్గింది. విజయం రాని పని కింద ఎవరు చేరతారు? డాక్టర్ల భోజనాల గదికి వెళ్లడం మానేసి, మధ్యాహ్నం డబ్బా పట్టుకుని యానిమల్ హౌస్ మెట్ల దగ్గరికి వచ్చేవారు. ఇద్దరం ఎండలో కూర్చుని తినేవాళ్లం. ఎవరి మీదా ఒక్క చాడీ చెప్పగా వినలేదు.

పదవీ విరమణ అయ్యాక ఆర్.కె. పురం క్వార్టర్ ఖాళీ చేసి, మునిర్కాలో ప్రభుత్వం కట్టించిన డీడీఏ ఫ్లాట్లలో చిన్న ఇల్లు అద్దెకు తీసుకున్నారు. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క చెల్లెలూ అనంతపురంలోనే. ఊరికి వెళ్లిపోవచ్చు కదా అంటే, "ఆడ నన్ను ఎరిగినోళ్లు ఎవరుండారమ్మా ఇంక? ఈడ కనీసం పాలోడు ఎరుగుతాడు" అన్నారు. ఆదివారాలు నన్ను పిలిచేవారు. "వచ్చి ఒక్క పూట తెలుగు మాట్లాడి పో" అనేవారు. వెళ్తే బొరుగులు నానబెట్టి, తాలింపు వేసి ఉగ్గాని చేసి పెట్టేవారు. "బొరుగులంటే అంగడాయప్ప నవ్వుతాడు, ముర్మురా అంటే ఇస్తాడు" అని ప్రతిసారీ కొత్తగా చెప్పేవారు. నేను ప్రతిసారీ కొత్తగా నవ్వేదాన్ని. నాకు ఆవిడ దగ్గర ఏ పనీ ఉండేది కాదు, ఆవిడకు నా దగ్గరా ఉండేది కాదు. అంత హాయి నాకు ఈ ఊళ్లో మరెక్కడా దొరకలేదు.

మొన్న నిద్రలోనే పోయారు. ఉదయం గుమ్మం ముందు పాల ప్యాకెట్ అలాగే ఉండడం చూసి, పక్కింటి ఆంటీ తలుపు తట్టారట.

శ్మశానానికి కొద్దిమందిమే వెళ్లాం. పక్కింటి ఆంటీ, అంకుల్, ఒకప్పుడు మేడమ్ దగ్గర చదువుకున్న ఇద్దరు డాక్టర్లు, మా భయ్యా, నేను. చెల్లెలికి మోకాళ్లు కదలవు. ప్రయాణం చేయలేక మేడమ్ ఫోన్‌కే వీడియో కాల్ చేసింది. ఫోన్ పట్టుకునే పని నాకు వచ్చింది.

"ఎవరమ్మా నువ్వు?" అంది చెల్లెలు.

"నేను... మేడమ్‌తోని పనిచేసిన. పశువుల డాక్టర్ని."

"కరీంనగర్ పాపవా? దినామూ నీ మాటలే చెప్పేది మా యక్క." ఆ గొంతు అచ్చం మేడమ్ గొంతు. "రవ్వంత దగ్గరికి పెట్టమ్మా. మొగం చూడనీ."

దగ్గరగా పెట్టాను. ఆమె చాలాసేపు చూసింది. ఆ తర్వాత మేడమ్‌ను కరెంటు కొలిమి లోపలికి తీసుకుపోయారు. తలుపు పడింది. అందరూ ఒక్కొక్కరే నమస్కారం పెట్టి, క్యాబ్‌లు పిలుచుకుని వెళ్లిపోయారు. నేను బయట సిమెంటు బల్ల మీద కూర్చున్నాను. ఫోన్ ఇంకా నా చేతిలోనే ఉంది. చెల్లెలు కాల్ కట్ చేయలేదు. ఫోన్‌ను మంచం మీద వెల్లకిలా పెట్టి, అక్కడే కూర్చున్నట్టుంది. మనిషి కనపడటం లేదు. అప్పుడప్పుడు ముక్కు చీదుకున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తెర మీద ఇంటి కప్పు, మధ్యలో పాత ఫ్యాను. అది నెమ్మదిగా తిరుగుతోంది. నేనూ కాల్ కట్ చేయలేదు. అలా ఆ ఫ్యాను తిరగడం చూస్తూ కూర్చున్నాను.