వెనక గోడ మీది డబ్బా

ఈ పొద్దున ఫోనులో మెసేజీ వచ్చింది. ఎండలు ముదిరాయట, మధ్యాహ్నం పూట ఎవరూ బయటికి వెళ్ళకుండా ఇంట్లోనే ఉండాలట. మా కోడలు చదివి వినిపించి, "విన్నారా అత్తయ్యా, ఇవాళ మార్కెట్టుకి వెళ్ళొద్దు" అంది. ఇంట్లోనే ఉండాలట! ఎవరింట్లో? ఆ మాట రాసినవాళ్ళు ఏ ఇంట్లో కూర్చుని రాశారో గానీ నాకు ఒళ్ళు మండిపోయింది. కాఫీ గ్లాసు ఠక్కున పెట్టేసరికి కోడలు బిత్తరపోయింది. పాపం, దాని తప్పేమీ లేదు. చెప్పినట్టే ఇంట్లో ఉన్న ఒక మనిషిని నేను ఎరుగుదును.

మా దీవిలో ఫీనిక్స్ బే జెట్టీకి ఎగువన గుట్ట మీద మా ఇల్లు. ముందు వరండాలో నిలబడితే ఓడల హారన్లు వినబడతాయి, సముద్రపు గాలి కొంగును నిలవనివ్వదు. వెనక మాత్రం గుట్టను తొలిచిన గోడ. ఆ గోడకీ మా ఇంటికీ నడుమ మావారు రేకులు కప్పి ఒక గది వేసి అద్దెకిచ్చారు. గాలంతా మా ఇల్లే ఆపేసేది, ఆ గదికి మిగిలేది ఉక్క. అందులో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాం దిగారు. అతను జెట్టీలో మూటలు మోసేవాడు, ఆమె బొగ్గుల పెట్టెతో ఇస్త్రీ చేసేది. నాకంటే పదేళ్ళు చిన్నదయినా నేను అక్కా అనేదాన్ని, ఆమె నన్ను దీదీ అనేది, హిందీలో అదీ అక్కే. మా ఇద్దరిలో ఎవరు పెద్దో వీధిలో ఎవరికీ అర్థమయ్యేది కాదు. మాటల్లో మర్యాదకి మాత్రం ఏ లోటూ లేదు.

ఒక వేసవిలో మావారు ఏసీ కొన్నారు. మా వీధిలో అదే మొదటిది. మధ్యాహ్నం దుకాణం మూసి, భోంచేసి, దాన్ని పద్దెనిమిది మీద పెట్టి, ఆ చలికి తట్టుకోలేక రజాయి కప్పుకుని పడుకునేవారు. ఈ సంబడం ఎందుకండీ అంటే, "మరి కొన్నది దేనికి?" అనేవారు. బయటి డబ్బా ఎక్కడ బిగించాలని మెకానిక్ అడిగిన రోజు నేనూ అక్కడే ఉన్నాను. "పీఛే లగా దో భయ్యా, ముందు పెడితే ఇంటి అందం పోద్ది" అన్నారు మావారు. మా ఇంటి వెనక గోడకి, సరిగ్గా అక్క గది కిటికీకి ఎదురుగా బిగించారు. ఆ గదికి ఉన్నదే ఒక్క కిటికీ. మా గదిలో వేడంతా లాగి ఆ డబ్బా ఆమె కిటికీలోకి ఊదేది. పైన రేకులు, ముందు బొగ్గులు, పక్కన మా డబ్బా. ఆ వేళలోనే ఆమె మా బట్టలు ఇస్త్రీ చేయాలి, ఎందుకంటే సాయంత్రం దుకాణం తెరిచేటప్పటికి మావారికి నలగని చొక్కా కావాలి.

తొలి ఏడాదే అడిగింది. "దీదీ, ఆ డబ్బా జరా అటేపు పెట్టించండి. కిటికీ తీత్తే సెగ, మూత్తే ఉక్క. ఊపిరాడ్డం నేదు" అంది. మావారికి చెప్పాను. "ఎండల్లో పుట్టి పెరిగినోళ్ళు, వాళ్ళకి అలవాటే" అన్నారు. అదే శ్రీకాకుళం నుంచి వచ్చిన ఈయన తాతగారు మంచులో పుట్టారు కాబోలు! ఇప్పుడు రాస్తున్నాను గానీ అప్పుడు నోరు మెదపలేదు. రెండో ఏడాది మళ్ళీ అడిగింది, మళ్ళీ చెప్పాను, మళ్ళీ అదే జవాబు. మూడో ఏడాది అడిగితే "చూద్దాంలే అక్కా" అని, మావారిదాకా కూడా తీసుకెళ్ళకుండా, ఏసీ గది తలుపు దగ్గర చాప వేసుకుని పడుకున్నాను. తలుపు సందులోంచి వచ్చే చల్లగాలి హాయిగా ఉండేది. ఛీ, ఏం హాయి!

ఆ మే నెలలో, ఇంకా వానలు పడకముందు, ఒక మధ్యాహ్నం గుడ్డ కాలిన వాసనకి లేచాను. వెనక్కి పరుగెత్తితే ఇస్త్రీపెట్టె నా చీర మీద ఉంది, అక్క నేల మీద ఉంది. చెమట చుక్క లేదు, ఒళ్ళు పెనంలా కాలుతోంది, ఏదో గొణుగుతోంది. నీళ్ళు కుమ్మరించి, ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. "ఎండలో ఎంతసేపు తిరిగింది?" అని డాక్టరు అడిగారు. "తిరగలేదండీ, ఇంట్లోనే ఉంది" అన్నాను. ఆయన నన్ను అదోలా చూశారు.

ప్రాణం దక్కింది. చేతి వణుకు మాత్రం ఆగలేదు, మాట తడబడేది, నిప్పు దగ్గర నిలబడే పని ఇక వద్దన్నారు. మొగుడు వైజాగ్ ఓడకి టికెట్లు తీశాడు. వెళ్ళే ముందు నా చెయ్యి పట్టుకుని, ఒక్కో మాటా కూడదీసుకుని, "సీర కాలిపోనాది దీదీ, ఏటీ అనుకోకండి" అంది. నాకు! క్షమాపణ! చెప్పాల్సినదాన్ని నేను. "పర్వాలేదులే అక్కా" అన్నాను, ఎంతో పెద్ద మనసున్నదానిలా. ఆ మాట తలుచుకుంటే నా నోటి మీద నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

ఖాళీ అయిన గదిని మావారు దుకాణం సరుక్కి గోడౌన్ చేశారు. ఓడలో దిగిన అనకాపల్లి బెల్లం దిమ్మలు అందులో పేర్పించారు. మూడో రోజు మధ్యాహ్నం వెళ్ళి చూసి లబోదిబోమన్నారు. బెల్లం కరిగి పాకమై గోనెల్లోంచి కారుతోంది. "ఈ డబ్బా సెగకి సరుకంతా నాశనమైపోతోంది! మెకానిక్‌ని పిలు, తురంత్!" అంటూ ఫోను మీద ఫోను. అతను ఆ సాయంత్రమే వచ్చి డబ్బా విప్పి, ఎవరూ ఉండని పక్క గోడకి మార్చాడు. నేను వంటింటి గడప మీద కూర్చుని గడియారం వైపే చూస్తున్నాను. గంటన్నరలో పని అయిపోయింది. బెల్లం మూడు రోజులు కూడా ఆగలేకపోయింది. అక్క మాత్రం ఆ గంటన్నర కోసం మూడు వేసవులు ఆగింది.