ఒక్క సెంటీమీటరు

కానిస్టేబుల్ మొదటి పరీక్ష పాసయ్యానని తెలిసినప్పుడు అమ్మ ఇంద్రేశంలో మా వీధంతా చక్కెర పంచింది. మర్నాడే కోచింగ్ సెంటర్‌లో అందరినీ గోడకు నిలబెట్టి ఎత్తు కొలిచారు. కావలసినదానికి నేను ఒక్క సెంటీమీటరు తక్కువ.

పటాన్‌చెరు ఫ్యాక్టరీలో పని పోయి నాన్న ఇంట్లోనే ఉన్నాడు. ఆ ఖాకీ యూనిఫాం తప్ప నాకు మరో దారి కనబడలేదు.

కొత్త వెంచర్ పక్కన తెరిచిన జిమ్‌లో ఒక మిషన్ ఉందని స్నేహితురాలు చెప్పింది. తూకం బల్లలాంటి ఇనప పలక. స్విచ్ వేస్తే గడగడా వణుకుతుంది. దాని మీద మోకాళ్లు కొంచెం వంచి నిలబడాలి.

"సూదులు, మందులు ఏం అక్కర్లేదక్కా. ఒళ్లంతా అదిరితే గ్రోత్ హార్మోన్ దానంతటదే ఊరుతది. పొడుగైతవ్," అన్నాడు ట్రైనర్.

నమ్మాను. నమ్మకపోతే చేయడానికి ఇంకేమీ లేదు.

రోజూ పొద్దున్నే వెళ్లేదాన్ని. పలక మీద పళ్లు టకటకలాడేవి, చూపు మసకబారేది. దిగాక కాళ్లు ఒకటే దురద. ఎముక సాగుతోంది కాబోలు అనుకునేదాన్ని. ఇంటికొచ్చి తలుపుకు ఆనుకుని నిలబడితే, అమ్మ తల మీద స్కేలు పెట్టి పెన్సిల్‌తో గీసేది. గీత మీదే గీత పడేది.

"జెర మెడ నిక్కబెట్టు బిడ్డా," అనేది.

చివరికి సంగారెడ్డిలో ఎముకల డాక్టర్‌కు చూపించుకున్నాం. ఆయన నా మణికట్టు ఎక్స్‌రే చూసి మెల్లగా చెప్పాడు.

"ఆ మిషన్ ఎక్కితే హార్మోన్ కాసేపు పెరగొచ్చు, పెరగకపోవచ్చు. పెరిగినా మళ్ల దిగిపోతదమ్మా. నీ ఎముకల చివర్లు ఎప్పుడో మూసుకపోయినయ్. ఇగ ఎత్తు పెరగవు."

మర్నాడు పొద్దున మళ్లీ జిమ్‌కే వెళ్లాను.

పడుకుని లేవగానే మనిషి కాస్త పొడుగుంటాడని ఎవరో చెప్పారు. అందుకని కొలతల రోజున అమ్మ ట్రాలీ ఆటో మాట్లాడింది. వెనక బొంత పరిచి నన్ను పడుకోబెట్టి, తల ఒళ్లో పెట్టుకుంది. రుద్రారం దగ్గర ఆటో ఆగినప్పుడు, పక్కనున్న బస్సు కిటికీలోంచి ఒకావిడ తొంగిచూసింది.

"ఏమైందమ్మా పిల్లకు?"

"పానం బాగలేదు. దవాఖానకు తీస్కపోతున్న," అంది అమ్మ. జ్వరం చూస్తున్నట్టు నా నుదుటి మీద చెయ్యి పెట్టింది.

మైదానంలో ఊపిరి బిగబట్టి కొలబద్ద కింద నిలబడ్డాను. తెలియకుండానే మడమలు లేచినట్టున్నాయి. "కింద ఆనించమ్మా," అంది లేడీ కానిస్టేబుల్. ఆమె కూడా పెద్ద పొడగరేమీ కాదు. నేనడగకుండానే రెండోసారి కొలిచింది. తర్వాత నా కళ్లలోకి చూడకుండా తల అడ్డంగా ఊపింది.

బయట అమ్మ బొంత మడిచి చంకలో పెట్టుకుని నిలబడి ఉంది. నా మొహం చూసింది.

"ఇగ కూసొనే పోదాం, పా," అంది.