దబ్బనం పెద్దమ్మ, అంచు మీది చుక్కలు

కోర్టు మెట్ల కింద, నిలబడితే తల తగిలే చోటులో, దబ్బనం పెద్దమ్మ ముప్ఫై ఒక్క ఏళ్లు ఫైళ్లు కుట్టింది. ఎంత పెద్ద లాయరైనా ఆమె ముందు వంగాల్సిందే. గౌరవం కొద్దీ కాదు, నెత్తి పగలకుండా. చదివింది రెండో తరగతి. కుట్టే కాగితాల్లో ఏముందో ఆమెకు ఒక్క ముక్క తెలియదు. కాగితం సంగతి మాత్రం ఆమెకు తెలిసినంత జడ్జిగారికి కూడా తెలియదు.

ఓ రోజు లాయరమ్మ ఒక జిరాక్సు కట్ట తెచ్చి ఆమె ఒళ్లో పడేసింది. వెనకాలే గడియారాల మెకానిక్ భార్య నిలబడి ఉంది. మెకానిక్‌ని దేశభద్రత చట్టం కింద లోపలేసి అప్పటికి తొమ్మిది నెలలు. అంతకుముందు నలభై రోజులు అతని వెంట మనుషుల్ని పెట్టి, ఎక్కడికి వెళ్లాడో, ఎవరితో మాట్లాడాడో రాయించారట. ఒక మంగళవారం మధ్యాహ్నం బస్టాండులో ఎవరో ప్రమాదకరమైన మనిషిని కలిశాడన్నది అతని మీద నేరం. ఆ నిఘా కాగితాలన్నీ చూపించమని లాయరమ్మ నెలల తరబడి పోరితే, ప్రభుత్వ లాయరు ఈ కట్ట చేతిలో పెట్టి "ఇంతే, ఇంకేం లేవు" అన్నాడు. ఆ మంగళవారం కాగితం ఇందులో లేనే లేదు.

"నంబర్లు వరసగానే ఉన్నాయి పెద్దమ్మా, లేవంటే నమ్మక ఏం చెయ్యను? రేపటికి కుట్టివ్వు" అంది లాయరమ్మ.

పెద్దమ్మ దబ్బనం దించబోయి ఆగింది. ప్రతి కాగితం ఎడమ అంచున మూడేసి నల్ల చుక్కలున్నాయి. అసలు కాగితాలకు నిఘా ఆఫీసులో కుట్టిన చిల్లులే జిరాక్సులో చుక్కలై పడ్డాయి.

"ఇటు చూడమ్మా. మందం కట్టలో దబ్బనం ఎవరు దించినా తిన్నగా దిగదు, ఓరగా పోతుంది. కాగితం కాగితానికీ చిల్లు వెంట్రుకవాసి జరుగుతుంది. ఇరవై రెండు దాకా ఈ చుక్క బుద్ధిగా నడిచింది. ఇరవై మూడులో ఒక్కసారిగా దూకింది. మధ్యలో పదో పన్నెండో పీకేశారు. పీకి, నంబర్లు మళ్లీ కొట్టారు."

"మరి చిల్లులు చూసుకోలేదా?" అంది మెకానిక్ భార్య.

"నంబర్లు కొట్టేవాడు ఎప్పుడైనా కుడితేగా తల్లీ!"

మెకానిక్ భార్య వంగి దగ్గరికి జరిగింది. "ఈ మాట జడ్జిగారి ముందు చెప్తావా పెద్దమ్మా?"

పెద్దమ్మ వెంటనే ఔననలేదు. ఆ మెట్ల కింద చోటు కోర్టు ఆఫీసు వాళ్ల దయ. పొమ్మంటే పోవాలి. "చూద్దాంలే" అని తల దించుకుంది.

పీకేసిన కాగితాలు తెప్పించమని లాయరమ్మ పిటిషన్ వేసిన మూడో రోజు నుంచి ఎదురు బెంచీ మీద ఒక గొడుగు మనిషి కూర్చోవడం మొదలుపెట్టాడు. పెద్దమ్మ దగ్గరికి ఎవరొచ్చినా చిన్న పుస్తకంలో ఏదో గీకుతాడు. అది చూసి రోజూ వచ్చే గుమాస్తాలు ఇద్దరు రావడం మానేశారు. ఐదో రోజుకి పెద్దమ్మకు ఒళ్లు మండింది.

"ఏం నాయనా, నా తుమ్ములు కూడా రాస్తున్నావా?"

"బస్సు కోసం కూర్చున్నానమ్మా."

"కోర్టు వరండాలోకి ఏ బస్సొస్తుంది? ఊరికే కూర్చునే బదులు ఈ దారం కొస పట్టుకో."

పాపం, పట్టుకున్నాడు. వరండా అంతా నవ్వింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. అతని ఒళ్లో తెరిచి ఉన్న పుస్తకం చూస్తూ ఉండిపోయింది. సాయంత్రం లాయరమ్మతో అంది, "వస్తాను, పిలిపించు. ఈ ముసలిది కుట్టుకోవడమే ఇంత శ్రద్ధగా రాస్తున్నారు. ఆ మంగళవారం రాయకుండా ఊరుకుని ఉంటారా?"

బోనెక్కితే ప్రభుత్వ లాయరు వెటకారంగా అడిగాడు. "చుక్కలు చూసి జాతకం చెప్తావామ్మా?"

"జాతకం మీ దగ్గరే ఉంది బాబూ, దాచింది మీరేగా. అసలు కట్ట తెప్పించండి."

జడ్జిగారు తెప్పించారు. పెద్దమ్మ ఇరవై రెండో కాగితం చిల్లులోంచి దబ్బనం ఓరగా దించి, ఇరవై మూడో కాగితాన్ని ఎంత దూరంలో పట్టుకుంటే మొన ఆ చిల్లులో దిగుతుందో చూపించింది. మధ్యలో సందు మిగిలింది. జడ్జిగారు కళ్లజోడు తీసి చాలాసేపు ఆ సందునే చూశారు. మిగతావి వారంలోగా తన ముందు పెట్టాలన్నారు.

పదకొండు కాగితాలు వచ్చాయి. మెకానిక్ పక్షానికి ఇచ్చేముందు వాటినిండా నల్ల సిరా పూశారు. ఒక్క వాక్యం మిగిలింది. "మంగళవారం, మూడు నుంచి ఐదున్నర దాకా బడిలో గోడ గడియారం బాగుచేశాడు, బయటికి రాలేదు." బస్టాండులో ఉన్నాడన్నదీ సరిగ్గా అప్పుడే.

మెకానిక్‌ని వదిలేశారు. భార్యతో కలిసి మెట్ల కిందికి వచ్చాడు, సగానికి సగం చిక్కిపోయి. అలవాటు కొద్దీ పెద్దమ్మ టైంపీసు చేతిలోకి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

పెద్దమ్మ చోటు పోలేదు. పోయింది ఇంకొకటి. ఆ ఏడాదే మరో ఆవిడ, లోపలున్న తమ్ముడి కట్ట పట్టుకుని వెతుక్కుంటూ వచ్చింది. "చూసి చెప్పమ్మా, అన్నీ ఉన్నాయా?"

పెద్దమ్మ ఒక్కో కాగితాన్నీ వెలుతురుకు పట్టింది. అంచులన్నీ తెల్లగా ఉన్నాయి. నిఘా ఆఫీసులో కుట్టడం మానేసి క్లిప్పులు పెట్టడం మొదలుపెట్టారు.

"నాకేం కనబడటం లేదమ్మా," అంది పెద్దమ్మ, కట్ట తిరిగివ్వడానికి చేతులు రాక.