కోటపాడు రైలు

రైలొచ్చాకే మా అనకాపల్లి రాత మారిందని నా నమ్మకం. మా బెల్లం రైలెక్కి దేశమంతా తిరిగిందని బజారులో ఎవర్నడిగినా చెబుతారు. అందరికీ తెలిసిందే రాస్తే నా గొప్పేముంది? నేను చదివింది బీకాం, చేసేది బెల్లం కొట్టులో లెక్కలు. అయినా చరిత్రకారుడు అనిపించుకోవాలని ఒకటే ఆరాటం. పోయినేడాది లైబ్రరీ వాళ్ళు సభ పెట్టి, ఊరికి రైలొచ్చిన కథ మీద వ్యాసం చదవమన్నారు. ఇక ఇంట్లో నన్ను పట్టలేకపోయారు.

కొత్త సంగతి ఏదైనా దొరుకుతుందని మా అమ్మమ్మ దగ్గర కూర్చుని, మొదటిసారి బండెక్కింది ఎప్పుడని అడిగాను. కె. కోటపాడు నుంచి కాపరానికి వచ్చినప్పుడేనంది. దారిలో బండి ఆగిపోయిందట, నీళ్ళు పెడితే గానీ కదల్లేదట. నాకు ఒళ్ళు పులకరించింది. నీళ్ళు తాగేది ఆవిరింజను కాక మరేమిటి? కోటపాడుకు పట్టాలే లేవు కదా అని మా ఆవిడ నసిగింది. ఉన్నవి పీకేసి ఉంటారని కసిరాను. అలా ఎవరూ ఎరగని రైలు మార్గమొకటి నా చేతుల్లో పుట్టింది.

సభలో అమ్మమ్మను ముందు వరసలో కూర్చోబెట్టాను. కోటపాడు రైలు దగ్గరికి రాగానే గొంతు పెంచాను. అమ్మమ్మ చెయ్యెత్తింది.

"ఏ రైలు నాయినా? నానొచ్చింది ఎడ్లబండి. నీళ్ళెట్టింది ఎడ్లకి."

సభంతా గొల్లుమంది. మా ఊళ్ళో రైలూ బండే, మోటారు సైకిలూ బండే, ఎడ్లదీ బండే. చరిత్రకారుడికి ఆ మాత్రం తట్టలేదు. పోయిన పరువు కొంతైనా దక్కించుకుందామని, మరి రైలెప్పుడు ఎక్కావని మైకులోనే అడిగాను.

"ఎక్కనేదు. నన్నెవులెక్కించేరు?"

నవ్వులు ఆగిపోయాయి. మా ఇల్లు పట్టాల పక్కనే. ఆవిడ పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ బస్సులోనే తిరిగింది. ఊరి రైలు చరిత్ర రాయబోయిన ఘనుడికి ఇంట్లో మనిషి రైలెక్కిందో లేదో తెలియదు. సిగ్గుతో మిగతా కాగితాలు మడిచేశాను.

మర్నాడే తుని వెళ్ళే ప్యాసింజరులో ఆవిణ్ణి కిటికీ పక్కన కూర్చోబెట్టాను. బండి కదలగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. కాసేపటికి మా పెరడు కనిపించింది. తీగ మీద బట్టలు ఆరుతున్నాయి. ఆవిడ కిటికీ కడ్డీలకు మొహం ఆనించి, అది దాటిపోయేదాకా చూసింది.

"ఇన్నాళ్ళూ బండెక్కినోళ్ళందరూ మన ఇల్లు సూసేరన్నమాట," అంది. "నాను మాత్రం ఇయ్యాలే సూసేను."