హారనక్క చూసిన పంక్ కచేరీ

డిపోలో ఆమె అసలు పేరు జీతాల గుమస్తాకు తప్ప ఎవరికీ గుర్తులేదు. అందరికీ హారనక్కే. కండక్టరు లేని బస్సు నడపాలంటే చేతులతో స్టీరింగునూ, కళ్లతో రోడ్డునూ, నోటితో జనాన్నీ అదుపులో పెట్టుకోవాలి. ఆ మూడోదానిలో ఆమెను మించినవాళ్లు లేరు. లారీ అడ్డొస్తే ముందు కిటికీలోంచి గొంతు వినిపించేది, తర్వాతే హారను.

కొడుకు ఆమెకు పూర్తిగా వ్యతిరేకం. కళ్లజోళ్ల దుకాణంలో పని. అద్దం తుడిచినంత మెత్తగా మాట్లాడతాడు. ముప్పై దాటినా నలుగురున్న చోటికి వెళ్తే ముందు నోరు కట్టేసుకుంటాడు. అలాంటివాడికి పంక్ సంగీతమంటే ప్రాణం. వాడు హెడ్‌ఫోన్ పెట్టుకోవడం మరిచిన రోజున గోడ అవతల ఎవరో రేకుల షెడ్డు కూలగొడుతున్నట్టుండేది. "ఇంత సాధువుకి అంత రభస ఎందుకురా?" అని ఆమె అడిగితే నవ్వి హెడ్‌ఫోన్ వెతుక్కునేవాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం పాత గిడ్డంగిలో కచేరీ ఉందని వాడు రెండు టికెట్లు తెచ్చుకున్నాడు. తీరా బయల్దేరే వేళకు, తోడు రావలసిన స్నేహితుడికి జ్వరమని ఫోను వచ్చింది. వాడు చొక్కా గుండీలు విప్పడం మొదలుపెట్టాడు.

"విప్పకు. నేనొస్తా పద," అందామె.

"నువ్వా? అది కూర్చుని వినే కచేరీ కాదమ్మా. తోసేస్తారు. చెవులు చిల్లులు పడతాయి."

"పొద్దున పూట మార్కెట్ స్టాపులో నా బస్సెక్కి చూడు. తోయడమంటే ఏంటో నేను చూపిస్తా."

పనికి వేసుకునే బూట్లే తొడుక్కుని బయల్దేరింది. గిడ్డంగి గుమ్మంలో ఆకుపచ్చ జుట్టు పిల్ల ఒకతె ఆమె చేతిలో స్పాంజి ముక్కలు రెండు పెట్టింది. "చెవుల్లో పెట్టుకోండి ఆంటీ. బూట్లు అదిరాయి!" అంది. డిపోవాళ్లు ఇచ్చిన బూట్లను మెచ్చుకున్న మనిషిని హారనక్క అప్పుడే మొదటిసారి చూసింది.

లోపల సున్నం పెచ్చులూడిన గోడలు, తుప్పుపట్టిన దూలాలు, చెమట వాసన. కొడుకు తిన్నగా వెనక గోడ దగ్గరికి వెళ్లి వీపు ఆనించాడు.

"ఇక్కణ్ణుంచి ఏం కనిపిస్తుందిరా?"

"నేనెప్పుడూ ఇక్కడే నిలబడతా."

"ఎప్పుడూనా?"

"ముందుకెళ్తే పడిపోతానేమోనని..." అన్నాడు చూపు తిప్పుకుని.

ఆమె ఏదో అనబోయేంతలో డ్రమ్ములు మొదలయ్యాయి. చప్పుడు చెవుల్లోకి కాదు, నేరుగా గుండెలోకే వచ్చింది. గుండు చేయించుకున్న బక్కపలచని పిల్ల వేదిక మీద గొంతు చించుకుంటోంది. నాలుగు మాటలకు ఒకటి అర్థమైంది గానీ, అది పైఅధికారిని తిట్టే పాట అని మాత్రం తెలిసిపోయింది. ఇన్నాళ్లూ డిపోలో ఇలాంటి పాట లేకుండా ఎలా బతికామా అనిపించింది హారనక్కకు. తన సంచి కొడుకు చేతిలో పెట్టి, మోచేతులు కాస్త ఎడంగా పెట్టుకుని, గెంతుతున్న గుంపులోకి నడిచింది.

"అమ్మా!" అన్న కేక వెనక ఎక్కడో వినిపించి మునిగిపోయింది.

గుంపు ఆమెను అటు విసిరి ఇటు పట్టుకుంది. నవ్వొచ్చింది. అంతలో జనాన్ని చీల్చుకుంటూ కొడుకు రావడం కనిపించింది. ముఖం పాలిపోయి ఉంది. ఎవరి భుజమో తగిలి వాడు దబ్బున పడ్డాడు, కళ్లజోడు ఎగిరిపోయింది. ఆమె అటు దూకేలోగానే చుట్టూ ఉన్నవాళ్లు ఆగిపోయి, చంకల కింద చేతులేసి వాణ్ణి లేపి నిలబెట్టారు. ముక్కుకు రింగు పెట్టుకున్న భారీ మనిషి కళ్లజోడు తన బనియనుకు తుడిచి వాడి ముక్కు మీద పెట్టాడు. వాడు కళ్లార్పుతూ చుట్టూ చూశాడు. పడిపోవడం అయిపోయింది, ఏమీ కాలేదు.

పాట ఆగింది. గాయని మైకు గుంపులోకి చాచి, "మీకు విసుగెత్తించేదేంటో అరవండి!" అంది. "అద్దెలు!" అని ఒకడు అరిచాడు. "ఓవర్‌టైం!" అంది ఇంకొకామె. మైకు హారనక్క ముందుకొచ్చింది. ఆలోచించే వ్యవధి లేదు. రోజూ నోట్లో ఆడే మాటే బయటికొచ్చింది.

"లోపలికి జరగండి! ఇక్కడంతా ఖాళీయే! గుమ్మంలో వేలాడకండి!"

ఆ గొంతుకు మైకు అక్కర్లేదని ఎవరికీ తెలియదు. స్పీకర్లు కీచుమన్నాయి. గిడ్డంగంతా నవ్వు. డ్రమ్ముల కుర్రాడు ఆ మాటలకే దరువు అందుకున్నాడు. "లోపలికి జరగండి!" అని సగం మంది, "ఖాళీయే!" అని మిగతా సగం. వెనక గోడకు అంటుకున్నవాళ్లు నిజంగానే ముందుకు జరిగారు. ఆమె పక్కన ఎవరో అచ్చం ఆమెలాగే, అదే గొంతుతో, అరుస్తున్నారు. తిరిగి చూస్తే కొడుకు. మెడ నరాలు ఉబ్బి, కళ్లజోడు ముక్కు చివరికి జారి, వాడు ఎవరికోసమూ ఆగకుండా అరుస్తున్నాడు. ఆమె అరవడం ఆపేసి కాసేపు వాణ్ణే వింది.

బయటికొచ్చేసరికి ఇంకా ఎండ ఉంది. చొక్కాలు పిండితే నీళ్లు కారేలా ఉన్నాయి.

"నచ్చిందా అమ్మా?" అని బొంగురు గొంతుతో అడిగాడు.

"పాటలు మరీ పొట్టివిరా. గేరు మార్చేలోపే స్టాపొచ్చేస్తోంది."

ఆ తర్వాత చాలా కచేరీలకు కలిసే వెళ్లారు. వాడు మళ్లీ వెనక గోడ వైపు చూడలేదు. ఆమెకు అభిప్రాయాలు ఏర్పడ్డాయి. ఒకసారి కళ్లు మూసుకుని తీరిగ్గా మూలిగే బృందం ఒకటి వస్తే రెండో పాటకే కొడుకు చెయ్యి పట్టుకుని గుమ్మం వైపు లాగింది. "వీళ్లకి నిద్ర చాల్లేదు. పద, టీ తాగుదాం," అంది.