బాపు అంబాసిడర్‌కు కొత్త టాపు

మా ఊరు ఎల్లారెడ్డిల, ఇంటి పక్క షెడ్డుల మా బాపు అంబాసిడర్ కొన్నేండ్లు కదలకుండ ఉండె. షెడ్డు రేకు ఒకటి గాలికి లేచిపోయింది, మేం చూసుకోలే. బండి మీద కప్పిన పరదా వానలకు నాని, కింద టాపంత తుప్పు పట్టింది. పరదా తీసి చూస్తే నా చెయ్యి దూరేంత బొక్క.

"అమ్మేద్దాం బాపూ" అన్న.

"ఇంజన్ మంచిగనే ఉన్నది. జుట్టు పోయిందని మనిషిని పారేస్తరా?" అని బాపు తన బట్టతల నిమురుకున్నడు.

ట్రాలీ మీద కామారెడ్డికి తీసుకపోయినం. అక్కడి డెంటింగ్ మేస్త్రీ బాపుకు పాత దోస్తు. తుక్కుకు పోయిన ఇంకో అంబాసిడర్ టాపు, తుప్పు లేనిది, వెతికి తెచ్చిపెట్టిండు. తలుపుల మీద వాననీళ్లు జారే గాడి ఉంటది. ఆ గాడి వెంట వెల్డింగ్ చుక్కలన్నీ డ్రిల్లుతో తొలిచి పాత టాపు లేపినం. కొత్తదాన్ని తలా ఒక దిక్కు పట్టుకొని కూర్చోబెట్టినం. మేస్త్రీ ముందుగాల మూలలకే చుక్కలు పెట్టి, "తలుపులేసి చూడుండ్రి" అన్నడు.

డ్రైవర్ దిక్కు తలుపు పడలే. ఎంత నూకినా పైన తాకుతున్నది. బాపు ముఖం చిన్నగైంది.

మేస్త్రీ వంగి కిందికి చూసి నెత్తి కొట్టుకున్నడు. "అరె, బండి ఒక దిక్కు జాకీ మీదనే ఉన్నది! బాడీ మెలిపడ్డది."

చుక్కలు తెంపి, బండిని చక్రాల మీదికి దించి, మళ్లా పెట్టిండు. ఈసారి తలుపు టక్కున పడ్డది. బాపుకు ఆ చప్పుడు ఎంత నచ్చిందంటే, తీసుడు, వేసుడు, మళ్లా తీసుడు.

"ఇగ చాలురా, హ్యాండిల్ ఊడొస్తది" అన్నడు మేస్త్రీ.

ఒక్కచోటనే వెల్డింగ్ చేస్తే వేడికి రేకు వంకరపోతదట. అందుకని ఈడొక చుక్క, ఆడొక చుక్క పెట్టుకుంట బండి చుట్టూ తిరిగిండు. సొట్టలు సుత్తెతో సాపు చేసి, నీళ్లు దిగకుండ అతుకులల్ల మందు నింపి, పుట్టీ పెట్టిండు. ఆ పుట్టీ నున్నగ రుద్దే పని నాది. కనుబొమ్మలు సుత తెల్లగయినయి. పైన తెల్లరంగు కొట్టినంక, టాపుకు లోపలి గుడ్డ కుట్టకముందే నీళ్లు కొట్టి చూడాలన్నడు మేస్త్రీ.

బాపు స్టీరింగ్ ముందల కూర్చున్నడు. బండి చూస్తనని ఇంటికాడి నుంచి వచ్చిన మా అవ్వ వెనుక సీట్ల గొడుగు పట్టుకొని కూర్చున్నది.

"నా టాపు మీద నమ్మకం లేదా వదినా?" అన్నడు మేస్త్రీ.

"టాపు మీద ఉన్నది. మీ ఇద్దరి మీదనే లేదు" అన్నది అవ్వ.

నేను పైపుతో నీళ్లు కొట్టిన. ఒక చుక్క సక్కగ బాపు నెత్తి మీద పడ్డది. అవ్వ లోపలనే గొడుగు తెరిచింది. మేస్త్రీకి నవ్వు ఆగలే, నాకు సుత నవ్వొచ్చి చేతుల పైపు అటుఇటు ఊగింది. నీళ్లు దిగిన అతుకు గీకి మళ్లా మందు పెట్టినంక ఎంత కొట్టినా చుక్క దిగలే.

లోపల గుడ్డ కుట్టించుకొని, ఎల్లారెడ్డికని బయలుదేరినం. కామారెడ్డి దాటకముందే అవ్వ బాపు భుజం తట్టింది.

"రామారెడ్డి ఊరి దిక్కు తిప్పు. ఆడున్న మా చెల్లెకు చూపియ్యాలె."

బాపు బండిని రామారెడ్డి దిక్కు తిప్పిండు.