సిమెంటు కోర్టు మీద మా కెప్టెన్

పైడితల్లి అమ్మవారి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం.

అరవైల చివర విజయనగరంలో మా కాలేజీ బాస్కెట్‌బాల్ జట్టు మట్టి కోర్టులో ఉత్త కాళ్లతోనే ఆడేది. ఆ సీజన్‌లో ఆఖరి మ్యాచ్ శ్రీకాకుళంలో, సిమెంటు కోర్టు మీద. గెలిస్తే వాల్తేరు పోటీలకు వెళ్తాం. మా కెప్టెన్‌కి అది చదువులో చివరి ఏడాది, మళ్లీ అవకాశం రాదు.

కాలేజీవాళ్లు అందరికీ కొత్త బూట్లు కొనిచ్చారు. వాటితో బాతుల్లా నడిచి, సగం ఆటకే బాగా వెనకబడిపోయాం. అప్పుడు కెప్టెన్ బూట్లు విప్పేశాడు. మిట్టమధ్యాహ్నం, సిమెంటు పెనంలా కాలుతోంది.

"ఏటి బావా, వరి ఊడుపులకొచ్చినావేటి?" అని అవతలి జట్టువాడొకడు ఎగతాళి చేశాడు.

"ఊడుపులైపోనాయి రా. ఇప్పుడు కోతలే, సూడు!" అన్నాడు మావాడు.

ఇక అతని కాలు నేల మీద ఆనితే ఒట్టు. ఒంటిచేత్తో ఆటను ఒక్క పాయింటు తేడాకి తెచ్చాడు. అతను వేసిన ఆఖరి బంతి రింగు మీద గిరగిరా తిరిగి ఆగిపోయింది. ఎక్కడినుంచో ఓ కాకి వచ్చి ముక్కుతో లోపలికి తోసింది. గెలిచాం!

సరే, కాకి నా కల్పన. గెలవడం కూడా. బంతి బయటికే పడింది. మా కెప్టెన్ బొబ్బలెక్కిన కాళ్లతో కుంటుకుంటూ వెళ్లి, ఎగతాళి చేసినవాణ్నే కౌగిలించుకుని, "వాల్తేరులో నా ఆట కూడా నువ్వే ఆడాల్రా" అన్నాడే, అది మాత్రం నేను కల్పించలేదు.